పొద్దున్నే మొరాయించే డ్రిల్లు

మూడో అంతస్తు ఇల్లు,
వంటగది బల్ల దగ్గర

అత్తా,

ఫోన్ చేస్తే నాలుగు సార్లు "ఆఁ? ఆఁ?" అని, చివరికి "సరే ఉంటా" అని పెట్టేస్తావు. మెసేజీ పెడితే చీమల బారులా ఉంది, చదవలేనంటావు. ఇన్నేళ్ళు వడ్రంగం షాపులో మెషిన్ల మోతలో కూర్చుని చెవులు పోగొట్టుకున్నది నువ్వు, వేళ్ళు నొప్పెట్టేలా ఉత్తరాలు రాయాల్సింది నేను. బాగుంది వరస.

సంగతేమిటంటే, నేను డ్రిల్లు కొన్నాను. తీగ లేనిది, బ్యాటరీతో నడిచేది. కొత్తది కాదు. మా వీధిలో రంగులేసే ఆయన పని మానేసి సామానంతా అమ్మేస్తుంటే తీసుకున్నాను. దాని ఒళ్ళంతా రంగు మరకలే. అసలు రంగేమిటో కొన్న నాకే తెలియదు. ఆయన నా ఎదురుగానే నొక్కి చూపించాడు, గిర్రున తిరిగింది. ఆ సాయంత్రమే వంటగదిలో గరిటెలు తగిలించుకునే కొక్కెం కోసం ఒక చిల్లు వేశాను. గోడలోకి ఎంత సాఫీగా దిగిందో. నాన్న ముందు గదిలో పేపరు దించకుండానే "అయిందా?" అన్నాడు. "అయింది" అన్నాను. అక్కడితో మా సంభాషణ ముగిసింది.

పొద్దున లేచి నొక్కితే ఉలకదు, పలకదు.

నా అవస్థ నీకు తెలుసు. ఆఫీసులో జీతం లేని సెలవు పెట్టి కూర్చున్నాను. ఈ సెలవు అయ్యేలోపు ఒక్క చెక్కపని ఒప్పుకుని, ఒప్పుకున్నట్టు పూర్తి చేసి చూపిస్తే నాన్న ఇంక ఆఫీసు మాట ఎత్తడు. చూపించలేకపోతే నోరు మూసుకుని మళ్ళీ ఆ లెక్కల కుర్చీలో కూర్చోవాలి. ఇదీ మా ఒప్పందం. పని కూడా దొరికింది. ఇక్కడ ఒక సంగీతం బడి ఉంది. పిల్లలు వయొలిన్లు నేల మీద పెడుతుంటే రోజుకొకరు తొక్కుతున్నారట. టీచరుగారికి గోడ పొడవునా చెక్క కొయ్యలు బిగించి వయొలిన్లన్నీ తగిలించేలా చెయ్యాలి. పిల్లల కచేరీలోపు పూర్తి కావాలన్నారు. ఆ కచేరీ సరిగ్గా నా సెలవు ఆఖరి వారంలో వస్తోంది.

డ్రిల్లు పని చెయ్యడం లేదని నాన్నకు చెప్పలేదు. "నేను ముందే చెప్పానా" అనే ఆ చూపు నేను భరించలేను. నువ్వూ చెప్పకు. అయినా మీ అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటే కదా భయం.

తొందరగా మందు రాసి పంపు.

నీ మేనకోడలు


షాపు, వెనక బెంచీ మీద నుంచి

ఓసి పిడుగా,

నా చెవుల సంగతి ఎత్తినందుకు నీ చెవి మెలిపెట్టాలని ఉంది. అందేంత దూరంలో లేవు కాబట్టి బతికిపోయావు.

కంగారు పడకు. మెషిన్లలో సగం కడుపు మాడే మొరాయిస్తాయి. ముందు బ్యాటరీ చూడు. ఛార్జరులో పెడితే ఎర్ర దీపం వెలిగి తర్వాత పచ్చగా మారుతోందా, లేక ఊరికే మిణుకుమిణుకుమంటోందా? మిణుకుమంటే బ్యాటరీ పోయినట్టే. పచ్చబడితే ప్రాణం ఉన్నట్టు. తర్వాత బ్యాటరీ బయటికి లాగి దాని రేకులు చూడు. రంగులేసేవాడి సామాను అంటున్నావు, వాటి మీద సున్నం ధూళి పేరుకుని ఉంటుంది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో తళతళలాడేలా రుద్దు. తడి గుడ్డ పెట్టావంటే నీతో మాట్లాడను. మళ్ళీ పెట్టేటప్పుడు టక్కుమనాలి. ఆ టక్కు నాకైతే వినపడదు, నీకు వినపడుతుందిగా.

ఇంకో మాట. మెషిను ముట్టుకునే ముందు జడ చుట్టి ముడి వేసుకో. చిన్నప్పుడు నా షాపుకు వస్తే మొదట చేయించేది అదే, గుర్తుందా? ఎందుకని అడక్కు, వేసుకో.

మీ నాన్న అలక ఇంకా తీరలేదన్నమాట. నీ బుర్ర చెడగొట్టింది నేనేనని ఆయన గట్టి నమ్మకం. నేనేం చేశాను? సెలవుల్లో వచ్చేదానివి, షాపు ఊడ్చేదానివి, కొలతలు తీసేదానివి, మరలు సైజుల వారీగా డబ్బాల్లో వేసేదానివి. మెషిను మాత్రం నీ చేతికివ్వనని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఒక్కనాడు తప్పానా? పిల్లను గడప దాకా తీసుకెళ్ళి లోపలికి పంపకపోతే అది కిటికీలోంచి దూకుతుందని ఆయనకు తట్టలేదు.

అత్త


మూడో అంతస్తు

అత్తా, నా బంగారు అత్తా,

నువ్వు షాపు మూసేసి డాక్టరు బోర్డు పెట్టుకోవచ్చు. ఛార్జరు దీపం పచ్చబడింది. రేకులు నువ్వు చెప్పినట్టే నల్లగా ఉన్నాయి. డ్రిల్లును బల్ల మీద పడుకోబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, రబ్బరు అరిగేదాకా రుద్దాను. టక్కుమంది. నొక్కాను. గిర్రుమంది. ఆ మోతకు కింది అంతస్తావిడ పైకొచ్చి "పెళ్ళి పనులా?" అని అడిగింది. లేదండీ, రబ్బరు పనులు అన్నాను.

ఇదంతా నిన్నటి మాట.

ఈ పొద్దున నొక్కితే మళ్ళీ మౌనవ్రతం. బ్యాటరీ తీసి చూస్తే రేకులు ఇంకా తళతళలాడుతూనే ఉన్నాయి. దీపం పచ్చగానే ఉంది. సాయంత్రం దాకా హాయిగా పని చేసినది రాత్రికి రాత్రి ఏమైపోతుందో అర్థం కావడం లేదు. మొదటి రోజూ ఇంతే చేసింది.

నాన్న ఏమీ అడగడు, అన్నీ చూస్తాడు. మొన్న నేను సంగీతం బడి గోడ కొలిచి వచ్చి కాగితం మీద బొమ్మ గీస్తుంటే, టీ తాగుతున్నట్టు నటిస్తూ నా వెనక చాలాసేపు నిలబడ్డాడు. "ఆ కొస కొయ్య తలుపుకు తగులుతుంది" అన్నాడు. చూస్తే నిజంగానే తగులుతుంది. మార్చాను. థాంక్స్ చెప్పేలోపు వెళ్ళిపోయాడు.

ఆయన రాత్రి గస్తీ మాత్రం ఏమీ మారలేదు. అన్నం తినగానే లేచి ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాడు. గ్యాసు, కుళాయి, కిటికీ గడియలు, తలుపు బోల్టు, ఇస్త్రీపెట్టె తీగ. వేసిన గడియను తీసి మళ్ళీ వేస్తాడు. అమ్మ ఉన్నప్పుడు "కాపలా దొరగారు బయల్దేరారు" అనేది. ఇప్పుడు ఆ మాట నేనంటున్నాను. నవ్వడు గానీ, అనకపోతే వెలితిగా చూస్తాడు.

నా దయ్యం డ్రిల్లుకు రెండో మందు రాయి.

మేనకోడలు


షాపు, బయట కుర్చీలో

పిడుగూ,

ఒక పూట నడిచి ఒక పూట ఆగిందంటే బ్యాటరీ కాదు. నా మొదటి మందు తప్పిందని సంబరపడకు. రబ్బరుతో రుద్దడం వల్ల చెడింది లేదుగా.

ఈసారి లోపలికి వెళ్దాం. ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టు, అది లోపల ఉండగా మర విప్పావంటే ఇక్కణ్ణుంచి చెప్పు విసురుతాను. మోటారు దగ్గర రెండు పక్కలా చిన్న మూతలుంటాయి. విప్పితే నల్లటి బొగ్గు ముక్కలు రెండు స్ప్రింగుతో సహా బయటికొస్తాయి. వాటిని బ్రష్షులంటారు, మోటారుకు కరెంటు అందించేవి అవే. అరిగి పొట్టివైపోయినా, దుమ్ముతో గూట్లో ఇరుక్కున్నా మెషిను ఇలాగే బుద్ధి పుట్టినప్పుడు తిరుగుతుంది, లేనప్పుడు లేదు. పొడి గుడ్డతో తుడిచి, గూట్లో సులువుగా జారుతున్నాయో లేదో చూసి పెట్టెయ్.

తలుపుకు కొయ్య తగులుతుందని మీ నాన్న చెప్పాడా? ఒక్కసారి కాగితం చూసి? మా నాన్న కూడా అలాగే చెప్పేవాడు. నేనైతే గోడకు బిగించి, తలుపు తగిలాక తెలుసుకునే రకం. ఇది ఆయనకు చెప్పకు, ఇప్పటికే తల బరువెక్కి ఉంటుంది.

అత్త


మూడో అంతస్తు, పార్సిలు కట్టిన తాళ్ళ మధ్య నుంచి

అత్తా,

బ్రష్షులు తీశాను, తుడిచాను, పెట్టాను. అవి పొడుగ్గా నిక్షేపంలా ఉన్నాయి. నొక్కితే తిరిగింది. సంతోషంగా గోడకు ఆనించానా, గుండ్రంగా గీకుతుందే తప్ప లోపలికి దిగదు. నా బలమంతా పెట్టినా గోడ మీద ఒక నాణెం అంత మరక మిగిలింది, అంతే. మరుసటి పొద్దున అది కూడా లేదు, మళ్ళీ మౌనవ్రతం.

ఆఫీసయ్యాక నేను వెళ్ళిన వడ్రంగం క్లాసులో మాకు నేర్పింది తీగ మెషిను మీద. దానికి నొక్కుడు తప్ప వేరే ఏమీ ఉండేది కాదు, నొక్కితే తిరిగేది, వదిలితే ఆగేది. ఎంత మర్యాదస్తురాలో ఇప్పుడు తెలుస్తోంది.

సంగీతం టీచరుగారు నిన్న పిలిపించారు. మంచావిడ, గొంతు పెంచదు. "మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, నాకు తెలిసిన ఇంకొకాయన ఉన్నాడు" అన్నారు. ఇబ్బందేమీ లేదు, చెక్క ఆరాలి అని చెప్పాను. చెక్క ఎప్పుడో ఆరింది. ఆరిపోతున్నది నేనే.

అందుకే డ్రిల్లును పార్సిలు చేసి నీకు పంపేస్తున్నాను. నువ్వే నీ చేత్తో చూసి, బాగు చేసి, వెంటనే పంపించు. నాన్న పార్సిలు చూసి "ఏమిటది?" అన్నాడు. అత్తకు పాత చీరలు అన్నాను. "చీరలు ఇంత బరువా?" అన్నాడు. జరీవి అన్నాను.

మేనకోడలు


షాపు, నీ డ్రిల్లు పక్కనుంచి

ఓ జరీ చీరల పిల్లా,

నీ పార్సిలు విప్పాను. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాను. నొక్కాను. తిరిగింది.

మళ్ళీ చెబుతున్నాను, ఎత్తి నొక్కగానే తిరిగింది. ఒక్క మర విప్పలేదు. నాకు ఒళ్ళు మండి దాన్ని రోజంతా పని చేయించాను. రెండు కిటికీ చట్రాలు, ఒక అలమారా, టీ కొట్టు ఆయన బోర్డు. అన్నీ దాంతోనే. గోడలోకి దిగడం లేదన్నావు కదా, మా షాపు వెనక గోడకు చిల్లు వేసి చూశాను, ఇంకాస్త నొక్కితే పక్కింట్లోకి పోయేది. మర్నాడు పొద్దున కూడా నొక్కాను, రాత్రి దయ్యం సంగతి తేలుద్దామని. కోడికంటే ముందు కూసింది.

నీ చేతుల్లో ఏముందే తల్లీ? నీ మొహం చూసి సిగ్గుపడుతోందా? మంచి మెషిను, పాతదైనా గట్టిది. దానికి ఏ రోగమూ లేదు. ఒళ్ళంతా తుడిచి, కదలకుండా పాత దుప్పటి ముక్కలో బిగించి చుట్టి పంపుతున్నాను. అందగానే పని మొదలుపెట్టు. టీచరుగారి చేత ఇంకోసారి అడిగించుకోకు.

అత్త


మూడో అంతస్తు

అత్తకు,

పార్సిలు అందింది. దుప్పటి విప్పి, చేతిలోకి తీసుకుని, నొక్కాను. తిరగలేదు.

నీ దగ్గర తిరిగి నా దగ్గర తిరగకపోతే ఇక లోపం ఎక్కడుందో తెలిసిపోయినట్టే. వేలితో నొక్కే ట్రిగ్గరు లోపలికి కూడా పోవడం లేదు, రాయిలా ఉంది. నొక్కి నొక్కి చూపుడువేలు వాచింది. నా వేళ్ళలో ఆ బలం లేదేమో. కలం పట్టుకునే వేళ్ళు కలమే పట్టుకోవాలేమో.

పొద్దున లేచి చూస్తే నేను ఆఫీసుకు వేసుకెళ్ళే బట్టలు నాన్న ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాడు. మడతలు చక్కగా పడ్డాయి. కోప్పడినా బాగుండేది అత్తా. ఆ మడతలు చూసి ఏడుపొచ్చింది.

కచేరీ దగ్గర పడింది. రేపో ఎల్లుండో టీచరుగారికి వేరే ఆయన్ని పిలుచుకోమని చెప్పేస్తాను. నీ టైమంతా తినేశాను, ఏమీ అనుకోకు.

మేనకోడలు


షాపు, నిలబడే రాస్తున్నాను

పిడుగా, టీచరుకు ఏమీ చెప్పకు. ఈ ఉత్తరం అటు వచ్చే బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను, పొద్దున్నే నీ చేతికందుతుంది. ఫోన్ చేద్దునుగానీ, నేను ఫోన్లో మాట్లాడితే మీ వీధి వీధంతా వింటుంది, మీ నాన్న కూడా వింటాడు. ఇది ఆయన పక్కనుండగా అరిచి చెప్పేది కాదు.

ట్రిగ్గరు లోపలికే పోవడం లేదా? ఈ ముక్క ముందే ఎందుకు రాయలేదు? కాదులే, నేనే అడగాల్సింది. పనిచెయ్యని డ్రిల్లు ఎవరు తెచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న అదే. నిన్ను మాత్రం అడగలేదు. మా ఇంటి పిల్లకు అది తెలియకపోవడమేమిటి అనుకున్నాను. నీకు అన్నీ నేర్పి, మెషిను మాత్రం చేతికివ్వనిది నేనేనని మరిచిపోయాను.

ఇప్పుడు డ్రిల్లు తీసుకో. ట్రిగ్గరుకు కొంచెం పైన చూడు. అటొక బొడిపె, ఇటొక బొడిపె ఉంటాయి. రంగు పట్టేసి మర తలల్లా కనిపిస్తాయి. అవి రెండూ ఒకటే ముక్క, అది మీట. ఒక పక్కనుంచి నెడితే మెషిను ముందుకు తిరుగుతుంది, రెండో పక్కనుంచి నెడితే వెనక్కు. వెనక్కు తిరిగేటప్పుడు గోడలోకి దిగదు, గీకుతుంది. నీ నాణెం మరక సంగతి అదీ. అటూ ఇటూ కాకుండా సరిగ్గా నడిమిన ఉంటే తాళం వేసినట్టు. ట్రిగ్గరు కదలదు. నీ వేళ్ళ బలానికేం లోటు లేదు, ఏనుగు నొక్కినా కదలదు.

నా దగ్గర ఎందుకు తిరిగిందంటావా? నీ ఉత్తరం చదివి నా బెంచీ మీది డ్రిల్లు ఎత్తి, నొక్కి, దింపాను. నా చెయ్యి ఏం చేస్తోందో పరాయిదాని చెయ్యి చూసినట్టు చూశాను. ఎత్తగానే బొటనవేలు మీటను ముందుకు నెట్టింది. దింపేముందు నడిమికి తెచ్చింది. నన్ను అడగనైనా అడగలేదు. నీ డ్రిల్లు పార్సిలు కట్టేటప్పుడు కూడా శుభ్రంగా తాళం వేసి, దుప్పటి చుట్టి, కదలకుండా బిగించి మరీ పంపింది ఈ మహాతల్లే. తిట్టుకో, నీకు హక్కుంది.

మరి మీ ఇంట్లో రోజూ రాత్రి ఆ మీటను నడిమికి తెస్తున్నదెవరు? దయ్యం కాదు. నువ్వు ఉత్తరంలో రాశావు, నేనే చదివి నవ్వి ఊరుకున్నాను. గ్యాసు, కుళాయి, గడియలు.

మా నాన్న షాపులో తోలు పట్టాతో తిరిగే మెషిన్లుండేవి. మోటారు ఒకటే, మెషిన్లు వరసగా. ఏ మెషిను మీటను నడిమికి తెస్తే ఆ మెషిను ఆగుతుంది. షాపు కట్టేసే ముందు మీటలన్నీ నడిమికి తేవడం మీ నాన్న పని. బడి నుంచి వచ్చి బెంచీ బెంచీకీ తిరిగేవాడు. ఆయన తిరిగాక మా నాన్న మళ్ళీ చూసుకునేవాడు కాదు, అంత నమ్మకం. ఒక్కరోజు ఒక్క మీట మరిచిపోయాడు. పొద్దున మోటారు వెయ్యగానే ఆ మెషినూ తిరిగింది. దాని కింద ఊడుస్తున్నాను నేను. నా జడ పట్టాలో పడింది. మా నాన్న పరుగున వచ్చి ఆపేశాడు కాబట్టి ఇవాళ నీకు ఉత్తరాలు రాస్తున్నాను. నాకేమీ కాలేదు. అప్పటి నుంచి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటున్నాను, నువ్వు ఫ్యాషన్ అనుకుని అందరికీ చెప్పావు.

నాకు పోయింది అర జడ. మా అన్నయ్యకు షాపే పోయింది. ఆ తర్వాత మళ్ళీ గడప తొక్కలేదు. మా నాన్న బతిమాలాడు, నేను కాళ్ళు పట్టుకు లాగాను. రాలేదు. బాగా చదివి ఆఫీసులో చేరిపోయాడు. ఆయనకు నీ పని చిన్నతనం కాదే పిచ్చిదానా, భయం.

ఆయన నీ డ్రిల్లును చెడగొట్టడం లేదు, కాపలా కాస్తున్నాడు. పొద్దున నువ్వు మీట జరుపుకుని పని చేసుకుంటావనే అనుకుంటున్నాడు. డ్రిల్లు తిరగడం లేదని నువ్వు చెబితే కదా తెలిసేది. నువ్వు పని చెయ్యకుండా కూర్చోవడం చూసి, మనసు మార్చుకున్నావనుకుని బట్టలు ఇస్త్రీ చేసి ఉంటాడు.

కోప్పడకు. ఈ రాత్రి తలుపు చాటున నిలబడి చూడు. తర్వాత నీ ఇష్టం.

అత్త


మూడో అంతస్తు, వేళ్ళకు సున్నంతో

అత్తా,

ముందు మంచి మాట. కొయ్యలన్నీ బిగించేశాను. కచేరీ అయిపోయింది. గోడ మీద వయొలిన్లు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కటి కూడా వంకర లేదు.

నీ ఉత్తరం అందిన రోజు మీట ముందుకు నెట్టి నొక్కాను. తిరిగింది. ఆ మోత వింటుంటే నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. బల్ల మీద పడుకోబెట్టినప్పుడల్లా మీట బల్లకు తగిలి ఏదో ఒక పక్కకు జరిగేదన్నమాట, దాన్ని మనం రబ్బరు మహిమ, బ్రష్షు మహిమ అనుకున్నాం.

రాత్రి నువ్వు చెప్పినట్టే తలుపు చాటున నిలబడ్డాను. కాపలా దొరగారు వచ్చారు. గ్యాసు, కుళాయి, కిటికీ. తర్వాత నా సామాను సంచీ దగ్గర కూర్చుని, జిప్పు చప్పుడు కాకుండా తీసి, డ్రిల్లును రెండు చేతులా బయటికి తీశాడు. భుజం మీది తువ్వాలుతో దాని మీద సున్నం తుడిచాడు. బొటనవేలితో ఒక నెట్టు నెట్టాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, సరిగ్గా నడిమిన ఉందని నమ్మకం కుదిరాక సంచీలో పెట్టాడు. నన్ను చిన్నప్పుడు పడుకోబెట్టినట్టు పెట్టాడత్తా. కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"నాన్నా, అది నడిమిన ఉంటే తిరగదట" అన్నాను.

ఉలిక్కిపడి లేచాడు. "తెలుసు. అందుకేగా" అన్నాడు.

"నాకు తెలియదు నాన్నా."

"ఇన్నాళ్ళూ?" అన్నాడు. ఇన్నాళ్ళూ అన్నాను. "మరి ఆ జరీ చీరలు?" అన్నాడు. అవీ ఈ డ్రిల్లే అన్నాను. నేల మీద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. అమ్మ పోయాక ఆయన అంతలా నవ్వడం నేను చూడలేదు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్ళు తాగి, "నాకు చెప్పొద్దూ?" అన్నాడు. చెబితే ఆఫీసుకు పొమ్మంటావని అన్నాను. ఆ మాటకు నవ్వు ఆగిపోయింది. నీ జడ సంగతి నువ్వు రాశావని చెప్పాను. లేచి వెళ్ళి, కుర్చీ మీది ఇస్త్రీ బట్టలు తీసి బీరువాలో పెట్టేశాడు.

పొద్దున నేను బయల్దేరుతుంటే చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు. సంగీతం బడిలో నేను చిల్లు వేస్తుంటే పాత కవరు ఒకటి మడిచి చిల్లు కింద గోడకు ఆనించి పట్టుకున్నాడు, సున్నమంతా దాంట్లో పడింది, నేల మీద చిటికెడు లేదు. ఈ విద్య ఎక్కడిది నాన్నా అంటే, "మీ తాత షాపుది" అన్నాడు. టీచరుగారు ఆయన్ని నా దగ్గర పనిచేసే మనిషి అనుకుని, "మీ మనిషి భలే శుభ్రంగా చేస్తాడండీ" అన్నారు. నేను సరిదిద్దేలోపే నాన్న "మా మేడమ్ అలా నేర్పారండి" అన్నాడు.

ఆఫీసుకు రాజీనామా నేనే రాశాను. నాన్న చదివి, చివర కృతజ్ఞతలు మరిచిపోయావన్నాడు. రాశాను.

నీకు కూడా రాస్తున్నాను అత్తా. బోలెడు.

మేనకోడలు

తా.క. ఈ కవరులోనే నాన్న కాగితం కూడా ఒకటి పెట్టాడు. అంటించి ఇచ్చాడు, నేను చదవలేదు.


మూడో అంతస్తు,
ముందు గది

చెల్లాయీ,

అమ్మాయి నీకు అన్నీ రాసే ఉంటుంది. నేను రాయాల్సింది కొంచెమే. దానికి కూడా చాలాసేపు పట్టింది.

నీ మీద అలిగాననుకున్నావు. అలక పేరుకు. ఆ షాపు పేరు వింటే నాకు నీ జడే కనిపించేది. ఆ రోజు నేను మరిచిపోయింది ఒక్క మీట. ఆ తర్వాత మా ఇంట్లో ఏ గడియా మరిచిపోలేదు. నువ్వు ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే మర్నాడే షాపుకు వచ్చేవాణ్ణేమో.

సంగీతం బడిలో అమ్మాయి నిచ్చెన ఎక్కి మెషిను ఎత్తింది. ఆపుదామని నోరు తెరిచాను. అంతలో అది మెషిను నా చేతికిచ్చి, జడ చుట్టి ముడి వేసుకుని, చొక్కా కాలరులోకి దోపుకుని, మళ్ళీ తీసుకుంది. ఎవరు నేర్పారంటే అత్త అంది. నేను నోరు మూసుకుని కవరు పట్టుకున్నాను. నీ ఒట్టు నుంచి నిన్ను వదిలేస్తున్నాను. మిగిలింది కూడా నువ్వే నేర్పు.

వచ్చే నెల ఇద్దరం వస్తాం. షాపు ఊడ్చే పని ఉంటే చెప్పు, చేస్తాను. గట్టిగా మాట్లాడటం సాధన చేస్తున్నాను, నీకు వినపడాలి కదా. కింది అంతస్తావిడ నిన్న వచ్చి గొడవేమిటని అడిగింది.

ఇక్కడ మేమొక పద్ధతి పెట్టుకున్నాం. రాత్రి మీటను నడిమికి తెచ్చేది నేను. పొద్దున ముందుకు జరిపేది అమ్మాయి.

అన్నయ్య